చెప్పని మాటకు విలువ కట్టిందెవరు?

కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుతీరతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను ఎగువ కౌశిక నీళ్ళలోంచి భుజాల మీద దాటిస్తుంటే గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. దీన్ని చిన్న కంప్యూటర్ గేమ్‌గా రాద్దామని అమలాపురంలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కూర్చుందనుకుందాం. కాకినాడ జె.ఎన్.టి.యు. సిలబస్‌లో పైథాన్ ఎలాగూ ఉంది. పైథాన్‌లో బొమ్మల గేమ్ అనగానే ఎవరికైనా ముందు చేతికందేది పైగేమ్ అనే లైబ్రరీ.

ఆమె ‘ప్రభ’ అని ఒక ఫంక్షన్ రాసింది. దానికి రెండు ఆర్గ్యుమెంట్లు: ఊరి పేరు, అలంకారాల లిస్టు. ప్రతిసారీ లిస్టు ఇవ్వడం దండగ కదా అని, ఇవ్వకపోతే ఖాళీ లిస్టు తీసుకోమని డిఫాల్ట్ పెట్టింది. వరసగా పదకొండు ఊళ్ళ పేర్లూ ఇచ్చి పదకొండు ప్రభలు తయారుచేసింది. ఆ తర్వాత వ్యాఘ్రేశ్వరం ప్రభకు ఒక గంట కట్టింది. తెరమీద చూస్తే పదకొండు ప్రభలకూ గంటలు! ముక్కామల ప్రభకు బంతిపూల దండ వేసింది. అది ఇరుసుమండ మీదా వేలాడింది, వక్కలంక మీదా వేలాడింది. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనపడదు. కనపడదు కాబట్టి అనుమానం పైగేమ్ మీదకు పోతుంది. వెర్షన్ మార్చి చూస్తుంది. గంటలు అలాగే మోగుతుంటాయి.

ఇందులో పైగేమ్ తప్పేమీ లేదు. ఈ గంటల వెనక నలభై ఏళ్ళ పైబడిన కథ ఉంది. చెప్పని ఆర్గ్యుమెంటుకు విలువ ఎవరు కట్టాలి, ఎప్పుడు కట్టాలి అని వేరువేరు మనుషులు వేరువేరు తీర్పులు ఇచ్చుకుంటూ వచ్చిన కథ అది.

బెల్ ల్యాబ్స్‌లో మొదటి తీర్పు

సీ భాషలో ఫంక్షన్‌కు ఐదు ఆర్గ్యుమెంట్లుంటే ఐదూ ఇచ్చి తీరాలి. అందులో నాలుగు ఎప్పుడూ ఒకటే అయినా సరే. డెన్మార్క్‌కు చెందిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరాక, 1979లో సీ భాషకు క్లాసులు జోడించే పని మొదలుపెట్టాడు. దాని పేరే అప్పట్లో ‘సీ విత్ క్లాసెస్’. పేరు సీ ప్లస్ ప్లస్‌గా మారింది తర్వాత. 1981లో అవసరాన్ని చూసి ఆ భాషలో మరో మూడు సదుపాయాలు చేర్చాడు. వాటిలో డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్ ఒకటి. తరచుగా వాడే విలువను ఫంక్షన్ రాసినవాడే ఒకసారి రాసి పెడతాడు. పిలిచేవాడు వేరే విలువ కావాలంటే ఇస్తాడు, లేకపోతే ఊరుకుంటాడు.

సీ ప్లస్ ప్లస్ ఈ విలువను ఎప్పుడు లెక్కగడుతుంది? ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ. మన విద్యార్థిని అదే గేమ్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాసి, ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా పెట్టి ఉంటే ఏ ఊరి ప్రభకు ఆ ఊరి లిస్టే తయారయ్యేది.

అలాగని ఆ తీర్పు నిక్కచ్చిగా కుదిరిందనుకోకూడదు. అక్కడ డిఫాల్ట్‌ను అతికించేది కంపైలర్. పిలుపు రాసిన చోట, మీరు వదిలేసిన ఖాళీని అదే నింపేస్తుంది. దీనివల్ల గేమ్ లైబ్రరీలు వాడేవాళ్ళకు రెండు చిక్కులొచ్చాయి. మొదటిది: లైబ్రరీవాళ్ళు కొత్త వెర్షన్‌లో డిఫాల్ట్ మార్చినా, మీ ప్రోగ్రామ్‌ను మళ్ళీ కంపైల్ చేయకపోతే పాత విలువే వెళుతుంది. రెండోది ఇంకా గడుసుది. ‘ప్రభ’ అనే క్లాసులో నడిపించే వర్చువల్ ఫంక్షన్‌కు వేగం డిఫాల్ట్‌గా 2 అని రాశారు. దాని నుంచి పుట్టిన ‘పెద్ద ప్రభ’ క్లాసులో అదే ఫంక్షన్‌కు 1 అని రాశారు. పెద్ద ప్రభను ‘ప్రభ’ పాయింటర్‌తో పట్టుకుని పిలిస్తే, నడిచేది పెద్ద ప్రభ కోడే కానీ వేగం మాత్రం తల్లి క్లాసులోని 2 వస్తుంది. ఏ ఫంక్షన్ నడవాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలుతుంది, డిఫాల్ట్ మాత్రం కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది కాబట్టి ఈ తిరకాసు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో తీర్పు

1989 డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులకు ఆఫీసు మూసేస్తే, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గీడో వాన్ రాసమ్ కాలక్షేపానికి ఒక కొత్త భాష రాయడం మొదలుపెట్టాడు. అదే పైథాన్. 1991 ఫిబ్రవరిలో 0.9.0 వెర్షన్ బయటికొచ్చింది. తర్వాత ఆ భాషలోకి డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు చేరినప్పుడు లెక్క వేరుగా కుదిరింది.

పైథాన్‌లో ఫంక్షన్‌ను నిర్వచించే వాక్యం కూడా నడిచే వాక్యమే. ప్రోగ్రామ్ పైనుంచి కిందకు నడుస్తూ ఆ వాక్యం దగ్గరికొచ్చినప్పుడు ఫంక్షన్ అనే వస్తువు పుడుతుంది. డిఫాల్ట్ విలువ కూడా ఆ క్షణంలోనే, ఒక్కసారే లెక్కకొచ్చి, ఆ వస్తువుకు అంటుకుని ఉండిపోతుంది. తర్వాత వెయ్యిసార్లు పిలిచినా అందేది ఆ ఒక్కటే. భోజనాల పంక్తిలో మనిషికో విస్తరి వేయకుండా, వంట మొదలెట్టినప్పుడు వేసిన ఒక్క విస్తరినే వచ్చినవాళ్ళందరి ముందుకూ జరిపినట్టు ఉంటుంది వ్యవహారం.

డిఫాల్ట్ అంకె అయితే ఇబ్బంది లేదు. 2 ఎప్పటికీ 2నే, దాన్నెవరూ లోపలికెళ్ళి మార్చలేరు. అక్షరాల వరస అయినా అంతే. లిస్టు, డిక్షనరీ, సెట్ మాత్రం లోపలికి చేర్చడానికీ తీయడానికీ వీలున్న వస్తువులు. వ్యాఘ్రేశ్వరానికి కట్టిన గంట పదకొండు ఊళ్ళకూ మోగింది ఇందుకే. పేర్లు పదకొండు, లిస్టు ఒకటి.

లిస్టు కాకపోయినా ఈ నియమం ఇంకో రకంగా కాటు వేస్తుంది. ప్రభలన్నీ ఒకే వేగంతో కదిలితే బాగుండదని, వేగానికి డిఫాల్ట్‌గా 1 నుంచి 5 లోపు ఏదో ఒక అంకెను యాదృచ్ఛికంగా తీసే ఫంక్షన్‌ను మన విద్యార్థిని పెట్టిందనుకోండి. గేమ్ నడిపితే పదకొండూ అడుగు తేడా లేకుండా కలిసి నడుస్తాయి. ఆపి మళ్ళీ నడిపితే వేగం మారుతుంది, కానీ అన్నిటికీ కలిపే మారుతుంది. వేగం మారడం కళ్ళముందు కనిపిస్తోంది కాబట్టి ఆ అంకె తీసే కోడ్ బాగానే ఉందనిపిస్తుంది. నిజానికి అది గేమ్ మొదలైనప్పుడు ఒక్కసారే నడిచింది.

ఇంత ఇబ్బందున్న నియమాన్ని ఎందుకుంచారని అడిగితే జవాబు ఆనాటి పైథాన్‌లోనే ఉంది. అప్పట్లో ఒక ఫంక్షన్‌లో ఇంకో ఫంక్షన్ రాస్తే, బయటి ఫంక్షన్‌లోని పేర్లు లోపలిదానికి కనిపించేవి కావు. ఆ సదుపాయం 2001లో వచ్చింది. ముందు 2.1 వెర్షన్‌లో కావాలన్నవాళ్ళకు, ఆ తర్వాత 2.2లో అందరికీ. అంతవరకూ బయటి విలువను లోపలికి తీసుకెళ్ళాలంటే దాన్ని డిఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా కట్టి పంపడమే దారి. డిఫాల్ట్ పుట్టినచోటే గడ్డకట్టడం వాళ్ళకు అవసరమైన గుణం.

ఇప్పటికీ అది పనికొస్తూనే ఉంది. గేమ్ మొదటి పేజీలో పదకొండు ఊళ్ళకు పదకొండు బటన్లు పెట్టాలి. లూప్ తిప్పుతూ ఒక్కో బటన్‌కు ‘నొక్కితే ఈ ఊరు తెరువు’ అని ఒక చిన్న ఫంక్షన్ తగిలిస్తే, ఏ బటన్ నొక్కినా లూప్‌లో చివరగా వచ్చిన ఊరే తెరుచుకుంటుంది. లోపలి ఫంక్షన్ ఊరి పేరును నొక్కినప్పుడు చూస్తుంది. అప్పటికి లూప్ చివరి ఊరి దగ్గర ఆగి ఉంటుంది. దీనికి మందు ఆ ఊరి పేరును చిన్న ఫంక్షన్‌కు డిఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా రాయడమే. లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది, పుట్టినప్పటి ఊరే దానికి అంటుకుంటుంది. అలంకారాల దగ్గర పదకొండు ఊళ్ళనూ కలిపేసిన నియమమే బటన్ల దగ్గర వాటిని విడదీసి నిలబెట్టింది.

తర్వాత వచ్చిన భాషలన్నీ ఈ దారి పట్టలేదు. రూబీ డిఫాల్ట్‌ను పిలిచిన ప్రతిసారీ లెక్కగడుతుంది. 2015లో జావాస్క్రిప్ట్‌కు డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు వచ్చినప్పుడు వాళ్ళూ ప్రతి పిలుపుకూ కొత్త విలువ అనే నిర్ణయించారు. వెబ్‌లో గేములు రాసి పైథాన్‌కు వచ్చినవాళ్ళు ఈ గుంటలో పడటానికి కారణం అదే. పైథాన్ సొంత పాఠ్యగ్రంథంలోనే దీని గురించి ‘ముఖ్య హెచ్చరిక’ అని పెట్టి మరీ చెప్పారు.

పైగేమ్ పెట్టిన విలువలు

విలువ ఎప్పుడు పుడుతుందనేది భాష తేల్చేది. ఏ విలువ ఉండాలనేది లైబ్రరీ రాసినవాళ్ళు తేల్చేది. ఇక్కడి నుంచి కథ పైగేమ్‌ది.

1998లో శామ్ లాంటింగా ఎస్‌డీఎల్ అనే సీ లైబ్రరీ రాశాడు. తెర, శబ్దం, కీబోర్డు వంటివాటిని ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా ఒకే పద్ధతిలో అందించడం దాని పని. 2000 వేసవిలో పీట్ షిన్నర్స్ అనే సీ ప్రోగ్రామర్‌కు పైథాన్, ఎస్‌డీఎల్ రెండూ ఇంచుమించు ఒకేసారి పరిచయమయ్యాయి. రెంటినీ కలపడానికి అప్పటికే మార్క్ బేకర్ పైఎస్‌డీఎల్ అని ఒక ప్రయత్నం చేశాడు. షిన్నర్స్ దాన్ని చూసి, తన పద్ధతిలో మళ్ళీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నాడు. 2000 అక్టోబర్ 28న పైగేమ్ వచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 2020లో అదే తేదీన 2.0 వెర్షన్ విడుదల చేశారు.

పైగేమ్‌లో ఎక్కువ భాగం సీలో రాసిందే. సీలో రాసిన ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ తన స్థానిక వేరియబుల్స్‌కు డిఫాల్ట్ విలువలు పెట్టుకుని, ఆ తర్వాత మనం ఇచ్చినవి వాటి మీద రాసుకుంటుంది. కాబట్టి అందులో గంటలు ఊరూరా పాకే బెడద ఉండదు. అక్కడ ఆశ్చర్యపెట్టేది విలువల ఎంపిక.

దీర్ఘచతురస్రం గీయమంటే రంగు నింపిన దిమ్మ వస్తుంది. గీత మందం డిఫాల్ట్ 0, పైగేమ్‌లో 0 అంటే ‘లోపల నింపు’. అంచు మాత్రమే కావాలంటే 1 అనో 3 అనో చెప్పాలి. శబ్దం వాయించే ఫంక్షన్‌లో లూపుల డిఫాల్ట్ కూడా 0. ఒకసారి వాయించి ఇక చాలు అని అర్థం. అది తిరిగి ఎన్నిసార్లు వాయించాలో చెప్పే లెక్క కాబట్టి 5 ఇస్తే ఆరుసార్లు వినిపిస్తుంది. ఆగకుండా మోగాలంటే మైనస్ 1 ఇవ్వాలి. విండో తెరిచే ఫంక్షన్‌కు సైజు చెప్పకపోతే తెర ఎంతుంటే అంతా తీసుకుంటుంది. గడియారానికి సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పకపోతే పగ్గమే ఉండదు. ఫ్రేముకు ఇన్ని పిక్సెళ్ళు అని ప్రభను జరిపే గేమ్ కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌లో నిదానంగా నడిచి, ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్‌లో పరుగెత్తుతుంది.

తీర్థానికి దగ్గరగా వచ్చే ఉదాహరణ ఢీకొనడం. ప్రభ పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే ఆకారం. దాని బొమ్మ ఫైలు మాత్రం దీర్ఘచతురస్రం. పైన రెండు మూలలూ పారదర్శకంగా ఖాళీ. రెండు బొమ్మలు తగిలాయా అని చూసే పైగేమ్ ఫంక్షన్‌కు ‘ఎలా చూడాలి’ అని ఒక ఆర్గ్యుమెంటుంది. అది ఇవ్వకపోతే దీర్ఘచతురస్రాలు ఒకదాని మీదొకటి పడ్డాయా అని మాత్రమే చూస్తుంది. దాంతో కొబ్బరి మట్టకు మూర దూరంలో ఖాళీ గాలి తగిలినా ప్రభ కూలిపోయినట్టు లెక్కవుతుంది. ఆ ఆర్గ్యుమెంటుగా మాస్క్ పద్ధతిని అందిస్తే, బొమ్మలో నిజంగా రంగున్న పిక్సెళ్ళు తగిలినప్పుడే ఢీ. ప్రతి ఫ్రేములో అన్ని బొమ్మలకూ పిక్సెల్ పిక్సెల్ సరిచూడటం బరువైన పని. 2000 నాటి కంప్యూటర్ల మీద చవకైన పద్ధతిని డిఫాల్ట్ చేయడంలో న్యాయముంది.

డప్పు ఎందుకు ఆలస్యమైంది

విలువ కాలాన్ని బట్టి ఎలా మారుతుందో చూడాలంటే పైగేమ్‌లో శబ్దం సెట్టింగులు చూడాలి. స్పేస్ బార్ నొక్కగానే డప్పు మోగాలి. పాత పైగేమ్ 1.9.1 మీద నడిపితే వేలు పడ్డాక క్షణం ఆగి మోగుతుంది.

శబ్దాన్ని కంప్యూటర్ చుక్క చుక్కగా పంపదు. కొన్ని శాంపిళ్ళను పోగుచేసి ఒక విడతగా స్పీకర్‌కు ఇస్తుంది. ఆ విడత సైజే బఫర్. 1.9.1లో బఫర్ డిఫాల్ట్ 4096 శాంపిళ్ళు. సెకనుకు ఎన్ని శాంపిళ్ళు అనేదాని డిఫాల్ట్ 22,050. భాగిస్తే ఒక్కో విడత సుమారు 186 మిల్లీ సెకన్లు. ఇప్పుడు నొక్కిన డప్పు వచ్చే విడతలో చేరాలి కాబట్టి, చేతికీ చెవికీ మధ్య ఈ ఎడం చొరబడుతుంది. పాటకైతే ఎవరికీ తెలియదు, తాళానికైతే ఎవరికైనా తెలుస్తుంది.

ఈ 4096 మొదటినుంచీ ఉన్నది కాదు. మొదట 1024. పైగేమ్ 1.8లో 3072 అయింది, 1.9.1లో 4096 అయింది. బఫర్ చిన్నదైతే శబ్దం త్వరగా వస్తుంది, కానీ కంప్యూటర్ వేరే పనిలో పడి విడతను వేళకు అందించలేకపోతే మధ్యలో చిటపటలు వినిపిస్తాయి. పెద్దదైతే శబ్దం నున్నగా వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. రెండూ కావాలంటే కుదరదు, ఎవరో ఒకరు ఎటో ఒకవైపు మొగ్గాలి. 2.0లో లెక్క పూర్తిగా తిరగబడింది. బఫర్ 512, శాంపిళ్ళు 44,100. అంటే విడతకు 12 మిల్లీ సెకన్ల లోపే. ఇరవై ఏళ్ళలో నాలుగు విలువలు.

పైథాన్‌లో ఈ డిఫాల్ట్ లైబ్రరీతోపాటే మారిపోతుంది, సీ ప్లస్ ప్లస్‌లోలాగా పాత విలువ మీ ప్రోగ్రామ్‌లో అతుక్కుపోయి ఉండదు. మీ ఫైలులో అక్షరం మార్చకుండానే డప్పు వెంటనే మోగడం మొదలెడుతుంది. అంతవరకూ మేలే. అదే ప్రోగ్రామ్ ఏ నాసిరకం కంప్యూటర్ మీదో కొత్త వెర్షన్‌తో చిటపటలాడినా కారణం మీ ఫైలులో దొరకదు. పాత వెర్షన్ మీద ఆలస్యం పోగొట్టడానికి జనం వాడిన చిట్కా ఏమిటంటే, పైగేమ్‌ను మొదలుపెట్టే వాక్యానికి ముందే, శబ్దం పని చూసే మిక్సర్ అనే భాగానికి ఈ సంఖ్యలన్నీ స్వయంగా చెప్పడం. ముందు చెప్పాలి, తర్వాత చెబితే వినదు. డిఫాల్ట్‌తో మిక్సర్ అప్పటికే తెరుచుకుని ఉంటుంది.

వ్యాఘ్రేశ్వరం ఒత్తులు

బొమ్మ కుదిరింది, డప్పు కుదిరింది. ఇక ప్రభ కింద ఊరి పేరు రాయాలి. ఫాంటు పేరు చెప్పకపోతే పైగేమ్ తనతో తెచ్చుకున్న ఫాంటు తీసుకుంటుంది. అది ఇంగ్లీషుకు సరిపోయే ఫాంటు. తెలుగుకు తెలుగు ఫాంటు ఫైలు మనమే ఇవ్వాలి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఎన్నో ఉన్నాయి.

మండలి ఇచ్చినా పని పూర్తికాలేదు. ‘వ్యాఘ్రేశ్వరం’ అన్న పేరులో మూడు ఒత్తులున్నాయి: య, ర, వ. యూనికోడ్‌లో ఒత్తు అనే అక్షరం వేరుగా ఉండదు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు అని వరసగా నిల్వ ఉంటాయి. ఆ వరసను చూసి రెండో హల్లును ఒత్తుగా మార్చి సరైన చోట కూర్చోబెట్టడం వేరే పని. ఆ పని జరగకపోతే తెరమీద పొల్లులు విడిగా, గుణింతాలు విడిగా నిలబడి, పేరు పలకడానికి వీల్లేకుండా పోతుంది. ముక్కామలలో క కింద క చేరదు, పలగుమ్మిలో మ కింద మ చేరదు.

ఆ పని చేసే లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. పైగేమ్ 2.2.0లో ఫాంటుకు లిపి చెప్పే ఫంక్షన్ ఒకటి చేర్చారు. నాలుగు ఇంగ్లీషు అక్షరాల సంకేతం ఇవ్వాలి. దేవనాగరికి ‘దేవ’, తెలుగుకు ‘తెలు’ అని వచ్చే అంతర్జాతీయ సంకేతాలు. లోపల ఫాంట్ల పని చూసే ఎస్‌డీఎల్ టీటీఎఫ్ 2.20 లేదా ఆపై వెర్షన్ ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా పైగేమ్‌లో లిపి గురించి అడిగే ఆర్గ్యుమెంటే లేదు. ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెట్టుకుంటూ పోతే మాట వచ్చేస్తుందని నమ్మే లిపివాళ్ళు రాసుకున్న కోడ్‌లో ఆ ప్రశ్న పుట్టలేదు. బఫర్ సంగతిలో ఎవరో ఆలోచించి ఒక అంకె ఎంచుకున్నారు. ఇక్కడ ఎంచుకోవాల్సింది ఒకటుందనే తట్టలేదు. డిఫాల్ట్‌లలో పట్టుకోవడం కష్టమైనది ఈ రెండో రకమే, ఆర్గ్యుమెంట్ల పట్టికలో దాని పేరు ఉండదు కాబట్టి.

ఎలా పట్టుకోవాలి

ఇప్పుడు మన విద్యార్థిని చేతికి ఒక పద్ధతి వచ్చినట్టే. గేమ్ అనుకోని విధంగా ప్రవర్తిస్తే ముందు తను ఏం రాశానని కాకుండా, ఏం రాయకుండా వదిలేశానని చూసుకోవాలి. హెల్ప్ అని అడిగితే పైథాన్ ఆ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల వివరం చూపిస్తుంది. వదిలేసిన ప్రతి ఆర్గ్యుమెంటుకూ విలువ తనే రాసి మళ్ళీ నడిపించాలి. పైగేమ్ 2.0 నుంచి గీసే ఫంక్షన్లకు ఆర్గ్యుమెంట్లను పేరుతో కూడా ఇవ్వచ్చు, దాంతో ఏ అంకె దేనిదో కళ్ళకు తెలుస్తుంది. తప్పు పోయిందా, ఒక్కొక్కటే తీసేస్తూ వెళితే దొంగ దొరుకుతుంది. అన్నీ ఇచ్చినా తప్పు పోకపోతే డిఫాల్ట్‌ను వదిలిపెట్టి వేరే చోట వెతకాలి.

తను రాసిన ఫంక్షనైతే ఇంకా సులువు. పైథాన్ డిఫాల్ట్ విలువలను దాచిపెట్టదు. ఫంక్షన్ పేరు పక్కన చుక్క పెట్టి, డిఫాల్ట్స్ అన్న మాటకు అటు రెండు, ఇటు రెండు అండర్‌స్కోర్లు చేర్చి ప్రింట్ చేస్తే చూపిస్తుంది. మొదటి గంట కట్టకముందు ఖాళీ లిస్టు కనిపిస్తుంది. కట్టాక అదే చోట గంట ఉన్న లిస్టు కనిపిస్తుంది. ఫంక్షన్ నిర్వచనంలో ఖాళీ అని రాసి ఉంది, నడిచే ఫంక్షన్‌లో గంట ఉంది. ఇక వాదనకు తావులేదు.

మందు అందరూ వాడేదే. డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు బదులు, ఏమీ లేదని చెప్పే ‘నన్’ అనే విలువ పెట్టి, ఫంక్షన్ లోపల మొదటి వాక్యంగా ‘నన్ వస్తే కొత్త లిస్టు తయారుచేయి’ అని రాయడం. లోపలి వాక్యం పిలిచిన ప్రతిసారీ నడుస్తుంది కాబట్టి ప్రతి ఊరికీ సొంత లిస్టు వస్తుంది. పైగేమ్‌లో ఢీకొనడం చూసే ఆర్గ్యుమెంటుకు డిఫాల్ట్ కూడా ఈ ‘నన్’ విలువే. వేగం సంగతీ అంతే. అంకె తీసే పని ఫంక్షన్ లోపలికి పోతే పదకొండు ప్రభలూ వేటికవి నడుస్తాయి.

మారుతున్న తీర్పు

పైథాన్ తన పాత తీర్పును రద్దు చేయలేదు కానీ కొన్నిచోట్ల కాపలా పెట్టింది. ఎరిక్ స్మిత్ ప్రతిపాదనతో 2018లో పైథాన్ 3.7లోకి డేటాక్లాసులు వచ్చాయి. అందులో ఒక ఫీల్డుకు డిఫాల్ట్‌గా లిస్టు రాస్తే పైథాన్ ఒప్పుకోదు, అక్కడికక్కడే తప్పు చూపిస్తుంది. లిస్టుకు బదులు లిస్టును తయారుచేసే ఫంక్షన్‌ను ఇవ్వమంటుంది. పైలింట్ లాంటి కోడ్ తనిఖీ పనిముట్లు మామూలు ఫంక్షన్లలో కూడా ఇలాంటి డిఫాల్ట్‌ను ‘ప్రమాదకరం’ అని ఎత్తిచూపుతాయి. 2021లో క్రిస్ ఏంజెలికో ఇంకో అడుగు ముందుకేసి, పిలిచినప్పుడే లెక్కకట్టే డిఫాల్ట్‌కు వేరే గుర్తు పెడదామని పెప్ 671 అనే ప్రతిపాదన రాశాడు. దాని మీద వాదాలు చాలా జరిగాయి, భాషలోకి మాత్రం రాలేదు. పాత నియమం మీద ఆధారపడి నడుస్తున్న ప్రోగ్రాములు లెక్కలేనన్ని. ఊరికే తిరగరాస్తే బటన్ల దగ్గర దాన్ని మందుగా వాడుకున్నవాళ్ళ ఇళ్ళు కూలతాయి.

లైబ్రరీ విలువలు మార్చడం దీనికంటే సులువు. పైగేమ్ ఎవరైనా చదవగలిగే, మార్చి పంపగలిగే కోడ్. బఫర్ మూడుసార్లు మారిందీ, లిపి చెప్పే వీలు వచ్చిందీ అలా పనిచేసేవాళ్ళ వల్లే. లిపి చెప్పకపోయినా, ఇచ్చిన మాటలో తెలుగు అక్షరాలు చూసి తెలుగు పద్ధతిలోనే కూర్చాలని అడగడానికి, అడిగి రాసి పంపడానికి అమలాపురం నుంచి అడ్డేమీ లేదు. పంపేటప్పుడు ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అని రాస్తే అవతలివాళ్ళకు ఏమీ అర్థం కాదు. ఏ వెర్షన్, ఏ ఫాంటు, ఏ మాట ఇచ్చాం, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవి బొమ్మతో సహా జతచేయాలి. పరీక్ష మాటగా వ్యాఘ్రేశ్వరం ఇస్తే చాలు. ఒక్క పేరులో మూడు ఒత్తులు తనిఖీ అయిపోతాయి.